పెట్రోల్ కొట్టించిన పావుగంటకే అన్నయ్య బోటు ఆగిపోయింది, తప్పు నాదేనా?

ఈసారి ఉత్తరం కాస్త పొడుగ్గానే ఉంది, రాసినాయన పేరు వద్దన్నారు కాబట్టి విషయం మాత్రం నా మాటల్లో చెప్తాను. బోటు ఈయనది కాదు, వాళ్ళ అన్నయ్యది. ఆయన పని మీద కొన్నాళ్ళు వేరే చోట ఉండాల్సొచ్చి, వెళ్తూ వెళ్తూ తాళాలు ఈయన చేతిలో పెట్టి "అప్పుడప్పుడు తిప్పుతుండరా, ఊరికే పడుంటే పాడైపోతుంది" అన్నారట. ఈయనేమో ఉద్యోగం గొడవల్లో పడి 5 నెలలు దాని మొహమే చూడలేదు. అన్నయ్య వచ్చేస్తున్నాడని తెలిసాక కంగారుపడి, బోటు కళకళలాడుతూ కనిపించాలని ప్రెషర్ పైపు పెట్టి మూల మూలలా కడిగారు. మర్నాడు భార్యని, ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకుని బయల్దేరారు.

బోటుకి 40 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజన్, అంటే బోటు వెనక బయట తగిలించేది, ఫోర్ స్ట్రోక్. డెక్ కింద బిగించిన 90 లీటర్ల ట్యాంక్, అందులో అడుగున ఓ 20 లీటర్లు పాత పెట్రోల్ ఉంది. జెట్టీలో పంపు దగ్గర ఆపి ఫుల్ చేయించారు, బోటు పక్కనున్న గాలి గొట్టంలోంచి పెట్రోల్ బయటికి చిమ్మేదాకా కొట్టారట. ట్యాంక్ మూత చివర్లో సరిగ్గా బిగియలేదు, చేత్తో నొక్కి వదిలేసారు. పావుగంట బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత స్పీడ్ పెంచగానే దగ్గడం మొదలైంది, ఆర్‌పీఎం 5000 నుంచి 3000కి పడిపోవడం, మళ్ళీ లేవడం, స్లో చేస్తే ఇంజన్ మొత్తం ఒణకడం, చివరికి ఆగిపోయింది. పెట్రోల్ పైపు మధ్యలో ఉండే రబ్బరు బల్బు పిండితే మళ్ళీ స్టార్టయి ఓ నిమిషం నడిచి ఆగేది. సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ కూడా దిగిపోయింది, గాలికి బోటు రాళ్ళ వైపు పోతోంది, పిల్లలు ఏడుస్తున్నారు. ఎవరో పుణ్యాత్ములు చూసి తాడేసి లాక్కొచ్చారు.

ఇక ఒడ్డుకొచ్చాక అసలు గొడవ. అన్నయ్య ఫోన్‌లో "కల్తీ పెట్రోల్ పోయించి ఇంజన్ నాశనం చేసావు" అన్నారు. పంపు వాళ్ళేమో మా దగ్గర రోజూ బోలెడు బోట్లు కొట్టించుకుంటాయి, ఎవరూ ఏమీ అనలేదు అన్నారు. మెకానిక్ ఇంజన్ కవర్ కూడా తీయకుండా ట్యాంక్ కడగాలి, ఇంజెక్టర్లు మార్చాలి అని పెద్ద లెక్క చెప్పారు. ఫ్రెండ్ ఒకాయన పెట్రోల్‌లో పోసే మందు సీసా ఒకటి చేతిలో పెట్టి, ఇది పోసి గట్టిగా రేస్ ఇస్తే అదే కాలిపోతుంది అన్నారు. భార్య "ఎంతైతే అంత మనమే పెట్టుకుని ఊరుకుందాం, అన్నదమ్ములకి మాటలొద్దు" అంటోంది. "తప్పు నాదే, కానీ ఏం తప్పు చేసానో నాకే తెలీట్లేదు, ఏం చెయ్యమంటారు" అని అడిగారు.

అయ్యా, మీ ఉత్తరంలో తప్పు నాదే అని మూడు చోట్ల రాసారు. ఇంకా ఫిల్టర్ కూడా ఎవరూ విప్పి చూడలేదు, అప్పుడే అంత మాట ఎందుకండీ. మీ అన్నయ్య, పంపు వాళ్ళు, మెకానిక్, ఫ్రెండ్, అందరూ చూడకుండానే చెప్పారు, మీరు కూడా చూడకుండానే ఒప్పేసుకున్నారు. నేను ఈ ఇంజన్లతో చాలా ఏళ్ళు గడిపాను. పెట్రోల్ కొట్టించాక పాడయ్యిందంటే అందరి వేలూ పెట్రోల్ మీదకే పోతుంది, చాలాసార్లు అది నిజమే కూడా. కానీ పెట్రోల్ కొట్టించేటప్పుడు ట్యాంక్‌లోకి పెట్రోల్ ఒక్కటే వెళ్ళదు. మూత తీస్తాం, అడుగున ఏళ్ళ తరబడి పేరుకున్న మడ్డి కదులుతుంది, గాలి గొట్టంలోకి పెట్రోల్ ఎక్కుతుంది, పైపు కదుపుతాం. వీటిలో ఏది మీ ఇంజన్ గొంతు పట్టుకుందో తేలేదాకా డబ్బు ఎవరు పెట్టాలన్న మాటే ఎత్తకండి.

ముందు ఒక సంగతి చెప్తాను, దీనితో మీకు కొంచెం మనసు కుదుటపడుతుందనుకుంటా. పావుగంట బాగా నడిచి తర్వాత ఎందుకు ఆగిందీ అని మీరు తల పట్టుకున్నారు కదా. మీరు బయల్దేరేటప్పటికి పైపులో, ఫిల్టర్‌లో, కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కిచ్చే భాగం) గిన్నెల్లో ఉన్నది అంతకుముందు పెట్రోలే, ముందు అది అయ్యేదాకా నడుస్తుంది. పైగా నీళ్ళు పెట్రోల్ కంటే బరువు, అడుగునే ఉంటాయి. పెట్రోల్ పీల్చే గొట్టం ట్యాంక్ అడుగుకి పూర్తిగా ఆనదు, కాస్త పైన ఆగుతుంది, అందుకే నెమ్మదిగా పోతున్నంతసేపు అడుగునున్నది అడుగునే ఉండిపోవచ్చు. స్పీడ్ పెంచారు, బోటు ముక్కు పైకి లేచింది, ట్యాంక్ అడుగునున్నదంతా జారి వెనక్కి చేరింది, గొట్టం మామూలుగా వెనకవైపే ఉంటుంది, ఇక అది పెట్రోల్‌కి బదులు నీళ్ళు, మడ్డి పీల్చింది. ఇలా కాకుండా గాలి గొట్టం మూసుకుపోయినా సరిగ్గా ఇలాగే, కాసేపు నడిచాకే ఆగుతుంది, ఎందుకంటే ట్యాంక్‌లోంచి పెట్రోల్ పోయిన మేరకు గాలి లోపలికి రావాలి, రాకపోతే లోపల వాక్యూమ్ పెరిగి పెరిగి చివరికి పంపు లాగలేకపోతుంది. రెండు వేరే వేరే జబ్బులు, పైకి లక్షణం ఒకటే.

అందుకే మీరు రాసిన ఆ బల్బు సంగతి నాకు చాలా ముఖ్యంగా కనిపించింది. బల్బు పిండితే నిమిషం నడిచింది అన్నారు. వచ్చేది పూర్తిగా నీళ్ళే అయితే బల్బు పిండినా పెద్దగా ఉపయోగం ఉండదు, ఇంకా నీళ్ళే తోస్తారు. పిండితే నడిచిందంటే పెట్రోల్ అందట్లేదు, మీ చెయ్యి పంపులా పని చేసింది అని అర్థం. ఇది గాలి గొట్టం వైపు, ఫిల్టర్ మడ్డితో మూసుకుపోవడం వైపు, లేదా ఎక్కడో పైపు జాయింట్‌లో గాలి పీల్చడం వైపు చూపిస్తోంది. ఈ ఒక్క వాక్యం వల్లే నేను నీళ్ళే అని తేల్చి చెప్పలేకపోతున్నా. ఆగిపోయినప్పుడు ఆ బల్బు ఎలా ఉందో మీరు రాయలేదు. చదునుగా లోపలికి పీల్చుకుపోయి ఉంటే అడ్డం బల్బుకి ట్యాంక్‌కి మధ్యలో ఉంది, అంటే గాలి గొట్టం, పీల్చే గొట్టం, లేదా పైపు ట్యాంక్‌కి కలిసే చోట చిన్న బాలు, స్ప్రింగు ఉండే వాల్వ్ ఒకటి ఉంటుంది, అది పట్టేయడం. మెత్తగా ఉండి ఎంత పిండినా గట్టిపడకపోతే ఎక్కడో గాలి లాగుతోంది లేదా బల్బు లోపలి వాల్వే పోయింది. రాయిలా గట్టిగా ఉండి కూడా ఇంజన్ ఆగిందంటే మాత్రం బల్బు దాకా బాగానే వస్తోంది, సమస్య దాని తర్వాత, లేదా వచ్చే సరుకులోనే.

ఇప్పుడు మీరు చెయ్యాల్సిన పని చెప్తాను, దీనికి మెకానిక్ అక్కర్లేదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, బ్యాటరీ కనెక్షన్ తీసేసి, డెక్ మూతలన్నీ బార్లా తెరిచి, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకోండి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, అడుగున పేరుకుంటుంది, ఎంత చలిలోనైనా అంటుకుంటుంది, ఈ విషయంలో మొహమాటం వద్దు. ట్యాంక్ నుంచి ఇంజన్‌కి వచ్చే దారిలో డబ్బా లాంటి ఫిల్టర్ ఒకటి ఉంటుంది, నీళ్ళు వేరు చేసే ఫిల్టర్, మామూలుగా 10 మైక్రాన్లది. కింద గుడ్డ పెట్టి, నిటారుగా పట్టుకుని నెమ్మదిగా విప్పండి. అందులో ఉన్నదంతా ఒక శుభ్రమైన, పొడి గాజు సీసాలోకి వంచండి, చివరి చుక్క దాకా, ఎందుకంటే అసలు సంగతి ఆ చివరి చుక్కల్లోనే ఉంటుంది. సీసాని ఒక అరగంట కదపకుండా వెలుతురులో పెట్టండి.

ఆ అరగంట తర్వాత సీసాని కంటి ఎత్తులో పెట్టి పక్కనుంచి చూడండి, పైనుంచి కాదు. నీళ్ళుంటే అడుగున ఒక గీత గీసినట్టు కనిపిస్తుంది, పైన పెట్రోల్ రంగు, కింద ఇంకో రంగు, సీసా వంచితే ఆ గీత కూడా వంగుతుంది, అడుగున గుండ్రటి బుడగల్లా జారుతాయి. అనుమానంగా ఉంటే నీళ్ళలో కలిసే రంగు ఏదైనా ఒక్క చుక్క వెయ్యండి. పెట్రోల్‌లో అది కలవదు, పూసలా కిందికి జారిపోతుంది, అడుగున నీళ్ళుంటే అక్కడికెళ్ళి ఒక్కసారిగా విచ్చుకుంటుంది. నీళ్ళు లేకపోతే ఆ పూస అలాగే అడుగున కూర్చుంటుంది. ఇంతకంటే తేలికైన పరీక్ష నాకు తెలీదు. వాసన కూడా చూడండి, ముక్కు దగ్గరకు తీసుకెళ్ళి పీల్చకుండా చేత్తో విసురుకుని. మంచి పెట్రోల్ ఘాటుగా ఉంటుంది, పాతబడింది వార్నిష్ వాసన కొడుతుంది. నల్లటి నలుసులు, మడ్డి ఉన్నాయేమో కూడా చూడండి. సీసాకి మూత పెట్టి, తేదీ రాసి, ఫోటో తీసి దాచండి, దీంతో తర్వాత పనుంది.

సీసా ఏం చెప్పినా సరే, రెండో పరీక్ష కూడా చెయ్యండి, ఇదే అసలైన తీర్పు. ఒక చిన్న బోటు డబ్బా ట్యాంక్, దానికి సొంత పైపు, సొంత బల్బు ఉన్నది ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి. అందులో వేరే పంపులో కొట్టించిన తాజా పెట్రోల్ 5 లీటర్లు చాలు. డబ్బాని బోటులో పెట్టి నింపొద్దు, ఒడ్డున నేల మీద పెట్టి నింపాలి, స్టాటిక్ నిప్పురవ్వతో మంటలంటుకున్న సందర్భాలున్నాయి. కార్బురేటర్ గిన్నెల కింద చిన్న స్క్రూలు ఉంటాయి, అవి వదులు చేసి లోపలున్న పాతది ఒక కప్పులోకి దింపేయండి, అది కూడా చూడండి, అందులో నీటి బుడగలు కనబడితే నీళ్ళు లోపలిదాకా వెళ్ళాయని అర్థం. స్క్రూలు బిగించి, డబ్బా పైపు ఇంజన్‌కి తగిలించి, బోటు జెట్టీకి గట్టిగా కట్టేసి ఒక పావుగంట నడపండి, గేరులో వేసి కొంచెం లోడ్ కూడా ఇవ్వండి. ఇంజన్‌కి చల్లార్చే నీళ్ళు అందకుండా ఒట్టిగా నడపడం మాత్రం వద్దు, లోపల ఆ నీళ్ళు లాగే రబ్బరు చక్రం, ఇంపెల్లర్ అంటారు, చూస్తుండగానే మాడిపోతుంది. అన్నట్టు ఆ డబ్బా మూత మీద గాలి స్క్రూ ఉంటుంది, దాన్ని తెరవడం మర్చిపోకండి. ఒకసారి నేను అది మూసే ఉంచి, ఇంజన్ ఆగిపోతోందని రెండు రోజులు కార్బురేటర్లు దించుతూ ఎక్కిస్తూ కూర్చున్నాను, బోటు యజమాని ఎదురుచూస్తూ ఒడ్డున కూర్చున్నారు. ఆయన మొహం ఇప్పటికీ గుర్తుంది, అందుకే ఎవరికి చెప్పినా ఈ ముక్క చెప్పకుండా వదలను.

డబ్బాతో ఇంజన్ చక్కగా నడిచిందనుకోండి, మీ అన్నయ్య ఇంజన్ నాశనం కాలేదు. సమస్యంతా ఇంజన్‌కి ఇవతల, ట్యాంక్ వైపు ఉంది. ఈ మాట మీరు ముందు మీకే ఒకసారి చెప్పుకోండి. అప్పుడు సీసా మాట వినాలి. సీసాలో నీళ్ళు లేవు, బల్బు పీల్చుకుపోతోంది అంటే మొదటి అనుమానం గాలి గొట్టం మీద. మళ్ళీ పెద్ద ట్యాంక్ తగిలించి, జెట్టీలో కట్టేసి నడుపుతూ, దగ్గడం మొదలవ్వగానే ట్యాంక్ మూత నెమ్మదిగా వదులు చెయ్యండి. ఉస్సుమని గాలి లోపలికి పోయి ఇంజన్ తేరుకుందంటే దొంగ దొరికినట్టే. మీరు కొట్టించేటప్పుడు గొట్టంలోంచి పెట్రోల్ చిమ్మింది కాబట్టి బయట బెజ్జం తెరిచే ఉంది, నిజమే, కానీ ఆ పైపు లోపల ఎక్కడైనా వేలాడుతూ ఒంపు తిరిగి ఉంటే ఆ ఒంపులో పెట్రోల్ నిలిచి గాలిని అడ్డుకుంటుంది. ఆ ఒంపు లేకుండా పైపు సరిచేస్తే పని అయిపోతుంది. ఇంకెప్పుడూ చిమ్మేదాకా కొట్టించకండి, పెట్రోల్ వేడికి ఉబ్బుతుంది, పైన కాస్త ఖాళీ ఉండాలి, చిమ్మిన పెట్రోల్ నీళ్ళలో కలవడం కూడా మంచిది కాదు.

సీసాలో మడ్డి ఎక్కువ, నీళ్ళు తక్కువ అయితే కొత్త ఫిల్టర్ వేసి, పాతది కోసి చూసి, ఒక స్పేర్ ఫిల్టర్ దగ్గర పెట్టుకుని నడపొచ్చు, మొదటి ఫిల్టర్ తొందరగానే మళ్ళీ నిండుతుంది, రెండోది కాస్త ఎక్కువ వస్తుంది. ఇది తక్కువ ఖర్చు దారి, కానీ మధ్యలో మళ్ళీ ఆగే అవకాశం ఉంది కాబట్టి ఒడ్డుకి దూరం పోకుండా, పిల్లలు లేకుండా మాత్రమే. ట్యాంక్ కడిగించేస్తే ఖర్చు ఎక్కువ, డెక్ విప్పాల్సి కూడా రావొచ్చు, కానీ మళ్ళీ ఆ బెంగ ఉండదు. ఇది మీ అన్నయ్య తేల్చాల్సిన విషయం, బోటు ఆయనది.

నీళ్ళు గట్టిగా కనిపించాయనుకోండి, అప్పుడు ఆలోచించాలి. మీరు కొట్టించిన పెట్రోల్‌లో ఇథనాల్, అంటే పెట్రోల్‌లో కలిపే ఆల్కహాల్, ఉందా లేదా కనుక్కోండి. ఇథనాల్ 10 శాతం కలిసిన పెట్రోల్ సుమారు అర శాతం దాకా నీళ్ళని తనలో కలుపుకోగలదు, అది దాటితే ఇథనాల్ నీళ్ళతో కలిసి విడిపోయి కిందకి దిగిపోతుంది. మీ 90 లీటర్లకి ఆ అర శాతం అంటే 450 మిల్లీలీటర్లు, రెండు గ్లాసుల నీళ్ళు, అంతే. చల్లబడితే ఇంకా తక్కువకే విడిపోతుంది. అలా విడిపోయినప్పుడు అడుగున చేరేది ఆ రెండు గ్లాసులే కాదు, ఇథనాల్‌తో కలిసి లీటర్ల లెక్కలో ఉంటుంది, పైన మిగిలిన పెట్రోల్ ఆక్టేన్, అంటే ఇంజన్‌లో టకటకలాడకుండా కాలే గుణం, కూడా పడిపోతుంది, రెండూ పనికిరావు. మీ ఫ్రెండ్ ఇచ్చిన సీసా గురించి ఇప్పుడు చెప్తాను. కొంచెం తేమ ఉన్నప్పుడు అలాంటి మందులు ఉపయోగపడొచ్చు, కానీ ఒకసారి విడిపోయిన పెట్రోల్‌ని ఏ మందూ మళ్ళీ కలపలేదు. గట్టిగా రేస్ ఇచ్చి కాల్చెయ్యడం అసలు వద్దు, దండం పెడతా. నీళ్ళు కాలవు, పెట్రోల్ అందక లీన్‌గా నడిస్తే లోపల వేడి పెరుగుతుంది, పిస్టన్ దాకా పోతుంది. ఇప్పుడు ఫిల్టర్‌తో, ట్యాంక్ ఖాళీ చెయ్యడంతో అయ్యే పని అప్పుడు నిజంగానే ఇంజన్ రిపేర్ అవుతుంది, అప్పుడు మీ అన్నయ్య అన్న మాట నిజమైపోతుంది.

కాబట్టి నీళ్ళుంటే ట్యాంక్ అడుగు దాకా లాగించాలి, పీల్చే గొట్టంతోనే లాగితే అడుగున కొంత మిగిలిపోతుంది, మూత నుంచో, గేజ్ తీసిన బెజ్జం నుంచో పైపు అడుగుకి తగిలేలా వేయించండి. తీసిన పెట్రోల్‌ని నీళ్ళలోనో మట్టిలోనో పారబోయకండి, కార్లో పోసుకోవడం కూడా వద్దు, ఇలాంటి వ్యర్థాలు తీసుకునే వాళ్ళకి ఇచ్చేయండి. కార్బురేటర్లలోకి కూడా నీళ్ళు చేరి ఉంటే రోజులు గడవనివ్వద్దు, ముఖ్యంగా ఉప్పు నీళ్ళయితే, లోపల తెల్లగా పొడి పట్టేసి జెట్లు, అంటే పెట్రోల్ వచ్చే సన్నటి బెజ్జాలు, మూసుకుపోతాయి.

ఇక డబ్బా పెట్రోల్‌తో కూడా ఇంజన్ అలాగే ఒణికితే దారి వేరు. స్లోలో ఒణికి, స్పీడ్‌లో బాగుంటే కార్బురేటర్‌లో చిన్న జెట్లు మూసుకున్నాయి, 5 నెలలు గిన్నెల్లో పెట్రోల్ ఎండి జిగురైతే ఇలా అవుతుంది. రెండిట్లోనూ ఒకేలా మిస్సవుతుంటే ప్లగ్గులు విప్పి చూడండి, ఒకటి తడిగా నల్లగా ఉండి మిగతావి మామూలుగా ఉంటే ఆ సిలిండర్‌కి స్పార్క్ సరిగ్గా రావట్లేదేమో, ఇది పెట్రోల్‌తో సంబంధం లేకుండా అదే రోజు జరిగిన కాకతాళీయం కావొచ్చు. ఇంజన్ ఆయిల్ కడ్డీ తీసి చూడండి, పాలలా ఉన్నా, పెట్రోల్ వాసన గుప్పున కొట్టినా ఇక నడపకుండా చూపించాలి. ప్రొపెల్లర్‌కి తాడో కవరో చుట్టుకుందేమో ఒక చూపు చూడండి, అంతే.

మెకానిక్ సంగతి. మీరు ఛోక్ నాబ్ లాగి స్టార్ట్ చేస్తానని రాసారు. చేత్తో లాగే ఛోక్ ఉందంటే అది కార్బురేటర్ ఇంజన్ అండీ, దాన్లో మార్చడానికి ఇంజెక్టర్లు ఉండవు. ఆయన మోసం చేస్తున్నారని నేను అనను, చాలా ఇంజన్లు చూస్తుంటారు, చూడకుండా అలవాటుగా అనేసి ఉంటారు. కానీ చూడకుండా చెప్పిన లెక్కకి మీరు డబ్బు కట్టకూడదు. ఆయన దగ్గరకే వెళ్తే ఫిల్టర్ మీ ముందే విప్పి సీసాలో వంచమనండి, ఒప్పుకుంటే ఆయనతోనే చేయించుకోండి, ఒప్పుకోకపోతే ఇంకొకర్ని చూసుకోండి.

పంపు వాళ్ళతో గొడవ పడదామనుకుంటే ముందు ఒకటి ఆలోచించండి. మీ ట్యాంక్‌లో నీళ్ళున్నాయని తేలినా అవి పంపు నుంచే వచ్చాయని తేలినట్టు కాదు. ముందు రోజు మీరు ప్రెషర్ పైపుతో కడిగారు, మూత బిగియట్లేదని మీరే రాసారు. మూత కింద రబ్బరు రింగు ఉంటుంది, అది చితికిపోతేనో, పగిలితేనో, అసలు లేకపోతేనో డెక్ మీద నిలిచిన నీళ్ళు తిన్నగా ట్యాంక్‌లోకి దిగుతాయి, ప్రెషర్ పైపు పెడితే ఇక చెప్పక్కర్లేదు. పక్కనున్న గాలి గొట్టంలోకి కూడా ఆ ధార తగిలి ఉండొచ్చు. ఇవాళే మూత తీసి ఆ రింగు చూడండి. రింగు బాగుంటే, అదే రోజు అదే పంపులో కొట్టించుకున్న వేరే బోట్లకి కూడా ఇలాగే అయ్యిందని తెలిస్తే, అప్పుడు బిల్లు, సీసా తీసుకుని వెళ్ళండి, పంపు నుంచి ఇంకో సీసాలో శాంపిల్ పట్టి పక్కపక్కన పెట్టి మాట్లాడండి. రింగు పోయి ఉంటే మాత్రం వాళ్ళని ఏమీ అనకండి.

అన్నయ్యతో ఎలా అన్నదే మీకు అన్నిటికంటే బరువుగా ఉందని తెలుస్తోంది. మీ ఆవిడ చెప్పినట్టు డబ్బు కట్టేసి ఊరుకుంటే ప్రస్తుతానికి మాటలు ఆగుతాయి, ఆమె ఉద్దేశం మంచిదే. కానీ చూడండి, ఆ మూత రింగు పోయిందనుకుందాం, మీరు చెప్పకుండా ట్యాంక్ కడిగించి ఇచ్చారు, వచ్చే వానకి మళ్ళీ నీళ్ళు దిగుతాయి, ఈసారి ఒడ్డుకి దూరంగా ఆగిపోయేది మీ అన్నయ్య, పక్కన ఎవరుంటారో తెలీదు. కాబట్టి డబ్బు మీరు కట్టినా కట్టకపోయినా జరిగింది మాత్రం మొత్తం చెప్పాలి. 5 నెలలు తిప్పలేదని కూడా చెప్పండి, కడిగానని, మూత బిగియలేదని చెప్పండి. తిప్పకపోవడం మీ లోటే, అది ఒప్పుకోండి. పాత పెట్రోల్ అన్ని నెలలు ట్యాంక్‌లో వదిలేసి వెళ్ళడం, పాత రింగు మార్చకపోవడం ఆయన వైపు లోటు, అది మీరు ఎత్తి చూపించక్కర్లేదు, సీసా, రింగు చూస్తే ఆయనకే అర్థమవుతుంది. ఖర్చు సగం సగం అనుకుంటారా, పెద్దవాడినని ఆయనే పెట్టుకుంటారా, మీరే పెట్టి మాట రాకుండా చూసుకుంటారా, అది మీ ఇద్దరి మధ్య సంగతి, నేను చెప్పలేను. ఫోన్‌లో మాత్రం తేల్చుకోకండి, ఫోన్‌లో ఆయనకి వినిపించేది ఇంజన్ పోయిందన్న మాట ఒక్కటే. ఆయన వచ్చాక బోటు దగ్గర, సీసా చేతికిచ్చి మాట్లాడండి, వీలైతే ఆ డబ్బా పరీక్ష ఆయన ముందే చెయ్యండి. తన చేతులతో తాళం తిప్పి ఇంజన్ చక్కగా నడవడం విన్నాక మాట్లాడే మనిషి వేరు.

ఇంకొక్కటి, ఇది చదువుతుంటే నా గుండె ఝల్లుమంది కాబట్టి రాస్తున్నా. ఇంజన్ ఆగిపోయి గాలికి రాళ్ళ వైపు పోతుంటే మీరు సెల్ఫ్ కొడుతూ కూర్చున్నారు. ఇంకెప్పుడైనా అలా అయితే ముందు లంగరు వెయ్యండి, పిల్లలకి లైఫ్ జాకెట్లు వేసి ఉన్నాయో లేదో చూడండి, తర్వాత ఇంజన్ సంగతి. లంగరు పడితే మీకు టైమ్ దొరుకుతుంది, బల్బు ఎలా ఉందో చూడొచ్చు, మూత వదులు చేసి చూడొచ్చు, సెల్ఫ్ కొట్టినా అయిదారు సెకన్లు కొట్టి కాసేపు ఆగి కొట్టొచ్చు, బ్యాటరీ మిగులుతుంది, సాయానికి పిలవడానికి అదే కావాలి. రిపేర్ అయ్యాక మొదటిసారి మీరూ అన్నయ్యా ఇద్దరే వెళ్ళండి, ఆ 5 లీటర్ల డబ్బా కూడా పైపుతో సహా పక్కన పెట్టుకోండి, ఒడ్డు కనపడేంత దూరంలోనే ఒక గంట తిప్పండి, స్పీడ్ పెంచి, తగ్గించి, ముక్కు లేచేలా నడిపి చూడండి. తిరిగొచ్చాక ఫిల్టర్ ఇంకోసారి విప్పి సీసాలో వంచండి. ఈసారి అడుగున గీత లేకపోతే మర్నాడు పిల్లల్ని ఎక్కించుకోండి.